వద్దనుకున్న చేప: వలల మధ్య గడిపినవాడి అనుభవ పాఠాలు

మాది వరంగల్ మట్టెవాడ. సముద్రం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊరు. అయినా నా కొలువంతా వలల మధ్యే గడిచింది. సగం కాలం విశాఖ రేవులో, ట్రాలు బోట్ల వాళ్లకు వలల్లో మార్పులు చూపించే పనిలో ఉన్నాను. మిగతా సగం ఇటువైపు చెరువుల మీద తిరిగాను. విశాఖలో ఉన్నన్నాళ్లూ "వరంగల్ ఆయనకు సముద్రం ఏం తెలుసు" అన్నారు. ఇక్కడికి వచ్చాక "సముద్రం ఆయనకు చెరువు ఏం తెలుసు" అన్నారు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, ఎవరినీ తప్పుబట్టను.

ఈమధ్య మత్స్య సహకార సంఘాల కుర్రవాళ్లు, పెబ్బేరు మత్స్య కళాశాలలో చదువుకునే పిల్లలు ఇంటికి వస్తున్నారు. ఎవరు వచ్చినా చివరికి ఒకే ప్రశ్న దగ్గర ఆగుతారు. కోరని చేప వలలో పడకుండా ఏం చేయాలి, పడ్డది పారబోత పాలు కాకుండా ఏం చేయాలి? వచ్చిన ప్రతివాళ్లకూ మొదట్నుంచి చెప్పే ఓపిక తగ్గింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. వరస పద్ధతిగా లేదని విసుక్కోవద్దు, గుర్తొచ్చిన వరసలోనే రాశాను.

1. నడిసముద్రంలో ఏ చేపను పారేస్తారన్నది ఒడ్డు మీదే తేలిపోతుంది.

1980ల్లో విశాఖ నుంచి పెద్ద ట్రాలర్లు ఉత్తరాన హుగ్లీ ముఖద్వారం ఎదుట ఉండే శాండ్‌హెడ్స్ దాకా వెళ్లేవి. వెళ్లేది టైగర్ రొయ్య కోసం. తల తీసిన రొయ్యను బోటు మీదే గడ్డకట్టించి, డబ్బాల్లో సర్ది తెస్తే అది జపాన్ దాకా పోయేది. బోటులోని చలిగదిలో ప్రతి అంగుళమూ ఆ రొయ్యదే. దానితో పాటు వలలో గులివిందలు, గొరకలు, సావిడాయిలు, చిన్న పారలు వచ్చేవి. రొయ్యకంటే వీటి బరువు ఎన్నో రెట్లు. వాటిని డెక్కు మీద నుంచి పారలతో ఎత్తి నీళ్లలోకి తోసేసేవాళ్లు. అప్పటికే చాలావరకు చచ్చిపోయి ఉండేవి.

పైనుంచి చూసేవాడికి ఇది పాపంలా కనిపిస్తుంది. నేనూ బోటు నడిపే ఒక సరంగుతో అలాంటి మాటే ఏదో అన్నాను. ఆయన నవ్వి, "ఏటి సారూ, ఈ చేప తెచ్చి నానేటి సేసుకోను? ఇది తెస్తే రొయ్యి ఎక్కడెట్టను?" అన్నాడు. ఆ తర్వాత గమనిస్తే ఇంకో సంగతి తెలిసింది. ప్రయాణం మొదటి రోజుల్లో పడ్డ చేపంతా నీళ్లపాలయ్యేది. తిరుగు ప్రయాణానికి ముందు పడ్డ చేప మాత్రం బోటులోనే ఉండేది, రేవు దగ్గరపడింది కాబట్టి చెడిపోకుండా చేరుతుందని. అదే చేప, అదే వల, అదే మనిషి. మారిందల్లా ఐసు లెక్క, రేవు దూరం.

కాబట్టి ఎవరైనా చేప పారేస్తున్నాడని తెలిస్తే ముందు వల గురించి అడగకండి. ఐసు ఎంత తీసుకెళ్లాడు, చలిగది ఎంత, రేవులో ఆ చేపకు కిలోకు ఎంతిస్తారు, దించుకునేవాడు ఎవడు అని అడగండి. ఈ నాలుగింటికీ జవాబు దొరికాకే వల దగ్గరికి వెళ్లండి.

2. పారేయడం తగ్గిందంటే పట్టడం తగ్గిందని కాదు.

ఈ ఒక్కటి అర్థమైతే మిగతా పాఠాలు చదవకపోయినా ఫర్వాలేదు.

పెద్ద ట్రాలర్ల కాలం క్రమంగా పోయింది. డీజిలు ఖర్చు పెరిగింది, సముద్రపు రొయ్య తగ్గింది, చెరువుల్లో పెంచిన రొయ్య మార్కెట్టును ముంచెత్తింది. మిగిలినవి మధ్యరకం సోనా బోట్లు. ఇవి రోజుల తరబడి సముద్రంలో ఉండి వస్తాయి. వీటి నుంచి నీళ్లలోకి పోయే చేప తగ్గింది. అధికారులు సంతోషించారు, నివేదికలు రాశారు. అసలు ఎందుకు తగ్గింది? చెత్త చేపకు కొనేవాడు దొరికాడు. ఎండబెట్టి పొడిచేసి చేపల మేతలోనో, కోళ్ల దాణాలోనో కలిపే వ్యాపారం పెరిగింది. కాస్త మంచిది ఎండు చేపై మా వరంగల్ మార్కెట్ దాకా వచ్చింది.

పారేయడం ఆగింది, మంచిదే. కానీ ఆ చెత్త చేప గంపలోకి చెయ్యి పెట్టి చూడండి. వేలెడంత గొరక పిల్లలు, ఇంకా ఒక్కసారైనా గుడ్డు పెట్టని సావిడాయి పిల్లలు కనిపిస్తాయి. పెరిగితే మనిషి పళ్లెంలోకి రావాల్సిన చేప, పిల్లగా ఉన్నప్పుడే కోడి గొంతులోకి పోతోంది. ధర దొరికింది కాబట్టి చిన్న కన్ను వలకు లాభం కూడా వచ్చింది. పారబోతను ఆపిన ఆ వ్యాపారమే పిల్లచేప వేటకు జీతం ఇచ్చినట్టయింది. దీన్ని నేను అభివృద్ధి అనలేను.

ప్రపంచ లెక్కలు కూడా ఇదే కళ్లతో చూడాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1994లో వేసిన అంచనా ప్రకారం ఏడాదికి దాదాపు 2.7 కోట్ల టన్నుల చేపను సముద్రంలో పారేసేవారు. 2005 నాటి అంచనాలో అది 73 లక్షల టన్నులు. 2019లో మళ్లీ లెక్కేస్తే 91 లక్షల టన్నులు, అంటే పట్టినదాంట్లో సుమారు పదో వంతు. లెక్క కట్టే పద్ధతులు వేరు కాబట్టి వీటిని పక్కపక్కన పెట్టి గీత గీయడానికి లేదు. 1994 తర్వాత అంత తగ్గుదల కనిపించడానికి ఒక కారణం మాత్రం మన రేవుల్లో కళ్లారా చూసిందే. ఆసియా దేశాల్లో వలలో పడ్డదంతా అమ్ముడుపోయే సరుకైంది.

నార్వే వాళ్లు ఈ చిక్కుముడిని ఒక పద్ధతిలో విప్పారు. కాడ్, హాడక్ చేపలను సముద్రంలో పారేయకూడదని 1987లోనే నిషేధం పెట్టారు. పడ్డదంతా ఒడ్డుకు తేవాలి. అయితే కోటా మించి తెచ్చినదానికి పూర్తి ధర ఇవ్వరు, తెచ్చిన శ్రమకు సరిపడేలా విలువలో 20 శాతం మాత్రం ముడుతుంది. పారేయబుద్ధి కాకూడదు, కావాలని పట్టబుద్ధీ కాకూడదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో ధర నిలబెట్టారు. మన రేవుల్లో చెత్త చేపకు ధర కట్టేవాళ్లలో ఇలా ఆలోచించేవాడు నాకు ఒక్కడూ ఎదురుపడలేదు.

దగ్గర్లో చూడాలంటే కేరళ. ఫలానా చేప ఇంత పొడవు లేకపోతే దించకూడదు, అమ్మకూడదు అని 2015లో 14 రకాలకు హద్దు పెట్టారు, తర్వాత దాన్ని 58 రకాలకు పెంచారు. నడిసముద్రంలో ప్రతి వలనూ తనిఖీ చేసే వీలు ఎవరికీ లేదు. రేవులో గంపను కొలవడం మాత్రం సాధ్యమే.

3. వల కన్ను గురించి యజమానికి చెప్పి లాభం లేదు. వల కుట్టేవాడికి చెప్పండి.

ట్రాలు వల చివర చేపంతా పోగయ్యే సంచి ఉంటుంది. మామూలుగా దాని కన్ను వజ్రం ఆకారంలో ఉంటుంది. బోటు లాగుతుంటే బరువుకు ఆ కన్ను సాగి మూసుకుపోతుంది. కాగితం మీద కన్ను ఎంత పెద్దదైనా నీళ్ల కింద అది గీతంత సందు. అదే కన్నును తిప్పి చదరంగా నిలబెట్టి కుడితే ఎంత లాగినా తెరిచే ఉంటుంది, పిల్లచేప జారిపోతుంది. కొచ్చిలో ఉన్న కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, అందరూ సిఫ్ట్ అనేది, దీన్ని ఎన్నో ఏళ్లుగా పరీక్షించి చెబుతోంది. దానికి విశాఖలోనూ పరిశోధన కేంద్రం ఉంది. పిల్లచేపను వేరుచేసి బయటికి పంపుతూ రొయ్యను విడిగా పోగుచేసే సాధనం కూడా వాళ్లు తయారుచేశారు. 2005లో ప్రపంచ వన్యప్రాణి నిధి పెట్టిన అంతర్జాతీయ పోటీలో దానికి బహుమతి వచ్చింది.

ఇన్ని ఉన్నా రేవులో చదరపు కన్ను సంచులు ఎందుకు కనబడవు? సమావేశం పెట్టి యజమానులకు టీ, బిస్కెట్లు ఇచ్చి బొమ్మలు చూపిస్తాం. వాళ్లు తలూపుతారు. వల చిరిగిన రోజు బోటు మీద పనిచేసే కళాసీ దాన్ని భుజాన వేసుకుని వలలు కుట్టే మనిషి దగ్గరికి వెళ్తాడు. ఆయనకు వచ్చిన కుట్టు ఆయన కుడతాడు. దుకాణంలో ఉన్న వలగుడ్డే కొంటారు. చదరపు కన్నుకు గుడ్డను వేరే తీరున కత్తిరించాలి, ముడులు గట్టిగా ఉన్న సరుకు కావాలి, లేకపోతే కన్ను జరిగిపోతుంది. ఆ సరుకు దుకాణంలో లేదు, ఆ కత్తిరింపు కుట్టేవాడికి రాదు. యజమాని తలూపిన సంగతి ఇక్కడ ఎందుకూ పనికిరాదు. ఒక మంచి వలపనివాడికి నేర్పితే ఆయన చేతిమీదుగా ఎన్ని బోట్ల వలలు మారతాయో చూడండి. ఎగుమతుల సంస్థ ఎంపెడా తరఫున పనిచేసే నెట్‌ఫిష్ వాళ్లు రేవుల్లో శిక్షణలు ఇస్తారు. వాళ్లు పిలిస్తే యజమానిని కాదు, వలపనివాణ్ని పంపండి.

4. తాబేలు తలుపు ఊడిపోవడానికి కారణం మొండితనం ఒక్కటే కాదు.

ఈ కథ కాస్త పొడుగు. అమెరికా 1989లో 609వ సెక్షన్ పేరుతో ఒక చట్టం చేసింది. తాబేళ్లు తప్పించుకునే ఏర్పాటు లేని వలలతో పట్టిన సముద్రపు రొయ్యను ఆ దేశంలోకి రానివ్వరు. 1996లో దాన్ని ప్రపంచమంతటికీ వర్తింపజేశారు. భారత్, పాకిస్తాన్, మలేసియా, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు ఎక్కాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. తాబేలును కాపాడాలన్న ఉద్దేశం తప్పు కాదు, కానీ దేశానికో తీరుగా అమలు చేయడం తప్పు అన్నారు. ఆ గొడవతో, తాబేళ్లను వదిలే ఆ ఏర్పాటు పేరుగా టెడ్ అన్న మాట మన రేవుల్లోకి వచ్చింది. తాబేలు మీద ప్రేమతో కాక అమెరికా భయంతో వచ్చిన వస్తువు కాబట్టి, మొదటి రోజు నుంచీ మనవాళ్లు దాన్ని పరాయిదానిగానే చూశారు.

పని మాత్రం సులువు. వల గొంతులో ఉక్కు కమ్మీల చట్రం ఒకటి ఏటవాలుగా కడతారు. రొయ్య, చిన్న చేప కమ్మీల మధ్య నుంచి సంచిలోకి పోతాయి. తాబేలు లాంటి పెద్ద ప్రాణి చట్రానికి తగిలి, వాలు వెంట జారి, అక్కడున్న తలుపు నుంచి బయటపడుతుంది. సిఫ్ట్ తయారుచేసిన చట్రంతో చేసిన పరీక్షల్లో రొయ్య నష్టం ఒక శాతం లోపే. అయితే దాని కమ్మీల ఎడం అమెరికా అడిగిన నాలుగు అంగుళాలకంటే ఎక్కువ. ఆ తేడా తర్వాత పెద్ద చిక్కే తెచ్చింది. 2019 నుంచి మన సముద్రపు రొయ్యకు అమెరికా తలుపు మూసుకుంది. చెరువుల్లో పెంచిన వనామీకి ఆ నిషేధం లేదు కాబట్టి పత్రికల్లో పెద్దగా గోల కాలేదు. దెబ్బ తగిలింది సముద్రం మీద బతికేవాడికి.

మరి పరీక్షలో ఒక శాతం లోపే నష్టమైతే, రేవు దాటగానే చట్రం ఎందుకు విప్పేస్తారు? పరీక్ష చేసే రోజు చట్రం సరైన వాలులో ఉంటుంది, సుమారు 45 డిగ్రీలు. వాడుతుండగా వల సాగుతుంది, వాలు మారుతుంది. మరీ నిలువైతే చెత్త అడ్డుపడి తాబేలు జారదు. మరీ వాలితే రొయ్య తలుపు దాకా ఎక్కి బయటికి పోతుంది. వరదల తర్వాత గోదావరి మోసుకొచ్చిన కొమ్మలు, దుంగలు కమ్మీలకు అడ్డంపడితే ఆ లాగుడు మొత్తం వృథా. డెక్కు మీద అది దొర్లి ఎవడి కాలైనా విరగ్గొట్టొచ్చు. చట్రం వంగితే వెల్డింగ్ చేసేవాడికి కొలతలు తెలియవు. వాలు సరిచూసి మళ్లీ కట్టే మనిషి రేవులో ఒక్కడూ ఉండడు. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో టెడ్ ఖర్చు మొత్తం కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలే భరించే ఏర్పాటు ఉంది. వస్తువు ఉచితంగా వస్తోంది. కట్టి, కొలిచి, మూడు నెలలకోసారి సరిచేసే మనిషికి జీతం ఎవరూ రాయరు. నన్నడిగితే చట్రాల సంఖ్య సగం చేసి, ఆ డబ్బుతో ప్రతి రేవులో ఇద్దరు మెకానిక్కులను పెట్టమంటాను.

ఒక చిన్న సంగతి, ఇది ఎవరూ చెప్పరు. ఆలివ్ రిడ్లే తాబేలు వలలో చిక్కి నీళ్లు మింగితే చచ్చినట్టు పడుంటుంది. వెంటనే సముద్రంలోకి తోస్తే నిజంగానే చస్తుంది. పొట్ట నేలకు ఆనేలా పడుకోబెట్టి, వెనక భాగం జానెడు ఎత్తులో ఉంచి, తడిగుడ్డ కప్పి, నీడన కొన్ని గంటలు వదిలేయాలి. చాలాసార్లు లేచి కదులుతుంది. అప్పుడు ఇంజిన్ ఆపి, వల నీళ్లలో లేనప్పుడు మెల్లగా దించాలి. దీనికి ఏ పథకమూ అక్కర్లేదు, తెలిసిన కళాసీ ఒకడు చాలు.

5. వల కోసినవాడికి వల డబ్బులివ్వాలి.

వేల్‌షార్క్ 2001లో వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలులో చేరింది. ఏనుగంత చేప వలలో చిక్కితే దాన్ని వదలాలంటే వల కోయాల్సిందే. గుజరాత్‌లో అటవీశాఖ కోసిన వలకు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టాక వేటగాళ్లే దాన్ని విడిపించేవాళ్లయ్యారు. మహారాష్ట్రలోనూ రక్షిత జీవిని వదిలేస్తూ తీసిన ఫొటో, వీడియో చూపిస్తే రూ.25,000 దాకా ఇచ్చే పథకం పెట్టారు. చట్టం భయం ఒక్కటే ఉన్నచోట ఏమవుతుందో చెప్పనా? చిక్కినదాన్ని ఎవరికీ కనబడకుండా ముంచేస్తారు. కేసు ఉండదు, లెక్కలో చేప ఉండదు.

6. ఐసు పెట్టె, ఎండబెట్టే బల్ల: ఇవి కూడా వల సామాన్లే.

మా ఇంట్లో ఎండు చేపలు నాలుగు నీళ్లు కడిగినా పంటి కింద ఇసుక తగిలేది. మా ఇంటావిడ నన్నే తిట్టేది, నేను సముద్రం శాఖ మనిషిని కాబట్టి. అది ఇసుకలో పరిచి ఎండబెట్టిన చేప. జాలరిపేటల్లో ఆడవాళ్లు బోటు దగ్గర గంపెడు నెత్తళ్లు కొని, ఒడ్డునే పరిచి ఎండబెట్టి అమ్ముకుంటారు. నడుమెత్తు బల్లలు కట్టి, వాటి మీద వల పరిచి ఎండబెడితే ఇసుక అంటదు, కుక్కలు ముట్టవు, అడుగు నుంచి గాలి తగిలి త్వరగా ఎండుతుంది, ధర ఎక్కువ పలుకుతుంది. వాన పడితే పైన పట్టా లాగేయొచ్చు. ఈ బల్లల పక్కన మంచి నీటి కుళాయి, కాస్త ఐసు ఉంటే మనిషి తినే చేప దాణాలోకి పోదు. తక్కువ రకం చేపకు మంచి ధర ఎవరైనా తెచ్చిపెడుతున్నారంటే ఆ ఆడవాళ్లే. మత్స్యశాఖ సమావేశాల్లో వాళ్లకు కుర్చీ వేసింది నేను అరుదుగా చూశాను.

7. వేట ఆగిన రోజుల్లోనే వల మారుతుంది.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. 2015కు ముందు అది 47 రోజులే. ఆ రోజులకు ఆంధ్రప్రదేశ్‌లో ఇచ్చే భృతి 2019లో రూ.10,000 అయింది, 2025లో రూ.20,000 అయింది. ఆ రెండు నెలలూ బోట్లు గట్టెక్కి ఉంటాయి, వలలు విప్పి పరిచి ఉంటాయి, మనుషులు ఊళ్లోనే ఉంటారు. సంచి మార్చాలన్నా, చట్రం కట్టాలన్నా, వలపనివాళ్లకు నేర్పాలన్నా అదే అదను. మన శాఖల శిక్షణలు మాత్రం చాలావరకు ఫిబ్రవరి, మార్చిలో జరుగుతాయి. బడ్జెట్టు మార్చి 31కి ముగుస్తుంది కదా.

8. చెరువులో కూడా ఇదే కథ, పేర్లు వేరు.

సముద్రం వదిలి పాకాల, లక్నవరం, రామప్ప చెరువుల వైపు తిరగడం మొదలుపెట్టాక, ఇక్కడ ఈ సమస్య ఉండదనుకునేవాళ్లు చాలామంది తగిలారు. చెరువులో పారేసేదేముంది, అంతా తినేదేగా అంటారు. ఒక వేసవి చెరువు కట్ట మీద నిలబడి చూడమంటాను.

2016 నుంచి తెలంగాణలో ప్రభుత్వం చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలు వదులుతోంది. చిన్న చెరువులకు 35 నుంచి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాదంతా నీళ్లుండే పెద్దవాటికి 80 నుంచి 100 మిల్లీమీటర్లవి. బొచ్చె, రవ్వ, బంగారు తీగ. వాన ఆలస్యమైతే పిల్లలు ఆలస్యంగా పడతాయి. వేసవికి నీళ్లు అడుగంటుతాయి. అప్పటికే సంఘం చేప మొత్తాన్నీ ఒకరిద్దరు వ్యాపారులతో బేరం మాట్లాడుకుని ఉంటుంది. వాళ్ల వ్యాను వచ్చిన రోజే పట్టాలి. పొద్దుగాల లాగుడు వల వేసి ఒడ్డుకు గుంజితే కిలో చేప, పావుకిలో చేప, వేలెడు పరక ఒకే కుప్పలో పడి నలిగిపోతాయి. వ్యానువాడు కిలో పైవి ఏరుకుంటాడు. పావుకిలోవి వాడు అడిగిన ధరకే. మిగతావి కట్ట మీద కొంగల పాలు.

"కొన్నాళ్లు ఆగి పట్టొచ్చు కదా" అంటే సంఘం అధ్యక్షుడొకాయన, "ఆగుతం సారూ, గా వ్యాను మల్ల వస్తదా? రాత్రికి రాత్రి వేరేటోళ్లు వల ఏసుకపోతె ఎవరు కావలుంటరు?" అన్నాడు. శాండ్‌హెడ్స్ సరంగు అడిగిందీ ఇదే. ధర, ఐసు, దించుకునేవాడు.

ఇక్కడ పనిచేసినవి చెబుతాను. మొదట పెద్ద కన్ను వలను నీళ్లలో నిలబెట్టి పెద్ద చేపను తీసేయండి, లాగుడు వల ఆఖరిది. చిన్నవి ప్రాణంతో దొరికితే హాపాలో ఉంచండి. నాలుగు కర్రలు పాతి కట్టిన గుడ్డతొట్టి అది, ఖర్చు తక్కువ. అక్కడి నుంచి ఆక్సిజన్ పెట్టిన డ్రమ్ముల్లో ఏడాదంతా నీళ్లుండే పెద్ద చెరువుకు తరలించొచ్చు, రెండు మూడు సంఘాలు కలిసి ఒక బండి పెట్టుకుంటే. వానాకాలంలో మత్తడి దూకే చోట జాలీ కట్టండి. లేకపోతే జూలైలో వదిలిన పిల్లలు ఆగస్టులో కిందూరి వలలో ఉంటాయి. జాలీకి చెత్త అడ్డుపడి నీళ్లు కట్ట మీదికి రాకుండా రోజూ తీసే మనిషి కూడా ఉండాలి. టెడ్ దగ్గర పడ్డ పాట్లే ఇక్కడా పడతారు.

దోమతెర వల సంగతి వేరు. పిల్లలు వదిలిన మొదటి రెండు మూడు నెలలు అది చెరువులో దిగకూడదు. తర్వాత కూడా పూర్తిగా నిషేధించమని నేననను. పరక, చిన్న జెల్ల, చిట్టి రొయ్య పేదింటి కూర. ముళ్లతో సహా తినే ఆ చేప, ఇంట్లో పిల్లల ఎముకలకు బలం. దాన్ని చెత్త చేప అన్నది సముద్రం నుంచి వచ్చిన అలవాటు. ఇక్కడ ఎవరైనా ఆ మాట వాడితే నాకు కోపం వస్తుంది.

కొర్రమట్ట మన రాష్ట్ర చేప. వానలు పడ్డాక నీళ్ల మీద ఎర్రటి పిల్లల గుంపు ముద్దగా తేలుతూ కనిపిస్తుంది. ఊపిరి కోసం పైకొస్తాయి. ఆ గుంపు కింద తల్లో తండ్రో కాపలా ఉంటుంది. దాన్ని పట్టుకోవడం సులువు, అక్కడే ఉంటుందని తెలుసు కాబట్టి. పట్టిన రోజు సాయంత్రానికి పిల్లలు వేరే చేపల పొట్టలో ఉంటాయి. గుంపు కనబడ్డ నెల రోజుల దాకా ఆ చోటును వదిలేయండి. కిలో కొర్రమట్ట ధర మీకు తెలుసు, లెక్క మీరే వేసుకోండి.

9. కొన్నింటిని తిరిగి నీళ్లలో వేయకూడదు.

ఒంటినిండా గట్టి పలకలు, ముళ్లు ఉన్న నల్ల చేప వలలో చిక్కుతుంది. దెయ్యం చేప అంటున్నారు. అక్వేరియం అద్దాలు శుభ్రం చేస్తుందని తెచ్చుకున్న సక్కర్ చేప, ఎవరో కాలవలో వదిలితే మన చెరువులన్నీ పాకింది. వల చింపుతుంది, అమ్ముడుపోదు. చిరాకుతో విడదీసి నీళ్లలోకి విసిరేస్తారు. అది చావదు, మళ్లీ వస్తుంది. 2000లోనే దేశమంతా పెంపకం నిషేధించిన ఆఫ్రికన్ వాలుగ కూడా అంతే. ఈ రెండూ పడితే ఒడ్డుకు తెచ్చి లోతుగా పూడ్చండి, లేదా ఎరువు గుంతలో వేయండి. అందుకోసం కట్ట పక్కన ఒక గుంత ముందే తవ్వి ఉంచుకోండి. అలసిపోయిన మనిషి అప్పటికప్పుడు తవ్వడు.

10. శిక్ష పడే పుస్తకంలో ఎవడూ నిజం రాయడు.

ఏం పడింది, ఏం పారేశారు అన్నది తెలియకుండా ఏ పని మొదలుపెట్టినా గుడ్డిదే. రేవుల్లో లాగ్‌బుక్కులు పంచారు. తాబేలు పడిందని రాస్తే ఎవరో వస్తారని అందరికీ భయం. కాబట్టి అన్ని పేజీల్లోనూ తాబేళ్లు సున్నా. ఆ సున్నాలతో పట్టికలు వేసి సమావేశాల్లో చూపించడం నేను చూశాను.

మీ సంఘంలో పుస్తకం పెట్టుకుంటే దాన్ని పైవాళ్లకు చూపించడానికి పెట్టుకోకండి. తేదీ, ఏ వల, కన్ను ఎంత, కిలో పైవి ఎన్ని కిలోలు, చిన్నవి ఎన్ని, అమ్మినవి, ఇంటికి పోయినవి, పారేసినవి, ఐసు ఎంత కరిగింది. పేర్లు రాయకండి. రెండు వేసవులు రాస్తే ఏ వల మీ చెరువును తినేస్తోందో మీకే తెలుస్తుంది, నా దగ్గరికి రానక్కర్లేదు. చేపను కొలవడానికి టేపు తెచ్చేవాడు రెండోరోజు మరిచిపోతాడు. థర్మాకోల్ తెప్ప అంచు మీద గీతలు గీసి పెట్టండి, బొచ్చెకు ఒకటి, రవ్వకు ఒకటి. వానకు చెరగని రంగుతో గీయండి.